కళ కోసం ప్రభుత్వాన్ని డబ్బు అడగడం ధర్మమేనా? లవకుశులు వద్దన్న బంగారం, విశ్వామిత్రుడు అడిగిన సాయం



మొన్నటి వీడియోలో ఉత్తరకాండలోని లవకుశుల రామాయణ గానం గురించి చెప్పుకున్నాం. టైమ్ చాలక అందులో ఒక చిన్న ఘట్టం వదిలేశాం. ఈ పోస్ట్ దాని గురించే.

రాముడు అశ్వమేధం చేస్తున్నాడు. ఇద్దరు పిల్లలు వచ్చి సభలో పాడుతున్నారు. విన్న రాముడు ఆనందపడి, ఆ పిల్లలకు పద్దెనిమిది వేల బంగారు నాణేలు ఇవ్వమన్నాడు. పిల్లలు తీసుకోలేదు. అడవిలో పండ్లు, దుంపలు తిని బతికే మాకు బంగారం ఎందుకు అన్నారు. ధనం మీద ఆశ పెట్టుకోవద్దని వాల్మీకి ముందే చెప్పి పంపాడు కూడా.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. కళ అంటే ఇలా ఉండాలి అనిపిస్తుంది. పోతన గారు భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వనన్నారని, త్యాగరాజ స్వామి తంజావూరు శరభోజి మహారాజు పిలుపును కాదన్నారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. అందుకే మన మనసులో ఒక లెక్క స్థిరపడిపోయింది. భక్తితో చేసే కళ రాజు దగ్గరకు వెళ్లకూడదు, వెళితే అది కళ కాదు, యాచన.

నాకు ఈ లెక్క గట్టిగా అడ్డుపడింది పోయిన ఏడాది. మా ఊళ్లో హరికథ నేర్పే ఒక చిన్న తరగతి కోసం ప్రభుత్వ సాయం అడగాలని నలుగురు స్నేహితులం అనుకున్నాం. ఎమ్మెల్యే గారికి ఇవ్వడానికి వినతిపత్రం రాస్తుంటే, మాలో ఒకడు పెన్ను కింద పెట్టేశాడు. "హరికథ చెప్పడానికి ఒక ఎమ్మెల్యే ముందు చెయ్యి చాపడమేంట్రా? త్యాగరాజు చాపాడా?" అన్నాడు. వాడు అన్నది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. అందుకే దాని మీద చాలా రోజులు ఆలోచించాను. నాకు అర్థమైంది మీ ముందు పెడుతున్నాను. మీకు వేరేలా అనిపించవచ్చు, అదీ మంచిదే.

వద్దనడానికి కూడా ఒక ఆధారం కావాలి

లవకుశులు బంగారం వద్దన్నారు. సరే. ఆ పూట వాళ్లు తిన్నది ఎక్కడిది? వాల్మీకి ఆశ్రమంలోది. పన్నెండేళ్ల పాటు వాళ్లకు తిండి పెట్టి, శ్రుతి నేర్పి, వేల శ్లోకాలు కంఠస్థం చేయించిన చోటు ఒకటి ఉంది. సభలో నిలబడి రాజుగారి నాణేలు మాకు వద్దు అనగలిగే ధైర్యం వాళ్లకు ఆ చోటు నుంచి వచ్చింది.

పోతన గారు నాగలి పట్టి పొలం దున్నుకుని బతికారని చెబుతారు. త్యాగరాజ స్వామి తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తి చేశారు. తంబూరా పట్టుకుని, పాడుతూ ఇంటింటి ముందు నడిచేవారు. ఒక్కో ఇంటి నుంచి ఒక గుప్పెడు బియ్యం. అంటే త్యాగరాజు ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదనుకుంటే అది నిజం కాదు. ఒక్క రాజు దగ్గర సంచి తీసుకోవడానికి ఇష్టపడలేదు గానీ, ఊరంతటి దగ్గర గుప్పెడు గుప్పెడు తీసుకున్నారు.

ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. ఒకే చేయి నుంచి వచ్చేది దయ. ఆ చేతికి కోపం వస్తే ఆగిపోతుంది. ఆ చేతిని పొగడాల్సి వస్తుంది. ఊరంతా తలా గుప్పెడు వేస్తే ఎవరినీ పొగడాల్సిన పని లేదు, పాడాల్సింది పాడుకోవచ్చు.

ఇప్పుడు మనకు రాజు లేడు. ఖజానాలో ఉన్న డబ్బు ఒక మనిషిది కాదు. నా జీతంలో కట్ అయ్యే టాక్స్, మా అమ్మ సబ్బు కొన్నప్పుడు కట్టే జీఎస్టీ, ఆటో అన్న పెట్రోల్ మీద కట్టేది, అన్నీ కలిసినదే అది. తలా ఒక గుప్పెడు. ఎమ్మెల్యే ఆ బియ్యానికి యజమాని కాదు. ఆయన చేతిలో ఉన్నది గరిట మాత్రమే. కాబట్టి ఆయన్ని అడగడం రాజు ముందు మోకరిల్లడం ఎలా అవుతుంది?

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. ఉంఛవృత్తిలో ఇష్టం లేని గృహిణి తలుపు వేసుకోవచ్చు. టాక్స్‌కి ఆ అవకాశం లేదు. ఇష్టం ఉన్నా లేకున్నా కట్టాల్సిందే. అందుకే ఆ డబ్బు అడిగేవాడి మీద బాధ్యత ఇంకా ఎక్కువ. దాని గురించి కిందికి వచ్చాక మాట్లాడుకుందాం.

అడగడం ఎలాగో బాలకాండలో ఉంది

రాజు దగ్గరకు వెళ్లి అడిగిన ఋషి మన రామాయణంలోనే ఉన్నాడు. విశ్వామిత్రుడు. ఒకప్పుడు తానే రాజుగా ఉన్నవాడు, అన్నీ వదిలేసినవాడు. ఆయన దశరథుడి సభకు వచ్చి నోరు తెరిచి అడిగాడు.

ఏం అడిగాడో గమనించండి. తనకోసం ఏమీ అడగలేదు. యజ్ఞం ఆగిపోతోంది, మారీచ సుబాహులు పాడు చేస్తున్నారు, రాముణ్ణి పంపు అన్నాడు. ఎందుకు, ఎవరిని, ఎన్నాళ్లు, అన్నీ స్పష్టంగా చెప్పాడు. యజ్ఞం పది రాత్రులు అన్నాడు. మన భాషలో చెప్పాలంటే స్కోప్, టైమ్‌లైన్ రెండూ క్లియర్.

దశరథుడు ఏం చేశాడు? మొదట "ఏది అడిగినా ఇస్తాను" అన్నాడు. అడిగాక వెనక్కి తగ్గాడు. పిల్లాడికి ఇంకా పదహారేళ్లు నిండలేదు, నా సైన్యాన్ని తీసుకెళ్లండి, నేనే వస్తాను అన్నాడు. విశ్వామిత్రుడు ఆ ప్రత్యామ్నాయానికి ఒప్పుకోలేదు. చివరికి సభలోనే ఉన్న వసిష్ఠుడు రాజుకు నచ్చజెప్పాడు. అప్పుడు పని జరిగింది.

ప్రజాప్రతినిధుల దగ్గరకు వెళ్లినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మైకు ముందు "కళలకు ఏం కావాలన్నా చేస్తాం" అంటారు. కాగితం చేతిలో పెట్టి ఇది కావాలి అంటే, ఆలోచిద్దాం అంటారు. తర్వాత ఇంకేదో ఇవ్వబోతారు. అక్కడ మన పక్షాన ఒక మాట చెప్పే వసిష్ఠుడు కావాలి. ఒక అధికారి కావచ్చు, ఒక హెడ్‌మాస్టర్ కావచ్చు. ఇదంతా రాజకీయం, మనకెందుకు అని ముఖం తిప్పుకుంటే, యజ్ఞం ఆగిపోయినా ఫర్వాలేదు నా చేతులు శుభ్రంగా ఉంటే చాలు అన్నట్టు అవుతుంది. విశ్వామిత్రుడు అలా అనుకోలేదు.

వ్యూస్ చాలవా?

మన తరంలో చాలామందికి వచ్చే ప్రశ్న ఇది. కళ బాగుంటే జనమే చూస్తారు, యూట్యూబ్ ఉంది, క్రౌడ్ ఫండింగ్ ఉంది, ప్రభుత్వం ఎందుకు?

శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరు ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. తోలు మీద రాముణ్ణి, హనుమంతుణ్ణి, రావణుణ్ణి గీసి, చిల్లులు పొడిచి, రంగులు వేసి, తెర వెనక దీపం పెట్టి తెల్లవార్లూ రామాయణం ఆడించేవాళ్లు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు కూడా ఉంది. ఇప్పుడు ఆ ఊళ్లో ఎక్కువగా తయారయ్యేది ఏమిటో తెలుసా? ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు.

అది తప్పని నేను అనను. ఆ ల్యాంప్ షేడ్ల వల్లే ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, చేతిలో పని బతికి ఉంది. కానీ మార్కెట్ దేన్ని కొంటుందో, దేన్ని కొనదో అక్కడ కళ్లకు కనిపిస్తుంది. తోలును కొంటుంది, బొమ్మను కొంటుంది. ఆ బొమ్మ వెనక రాత్రంతా సాగే పాటను, సంభాషణను, రావణుడి గొంతు నుంచి సీతమ్మ గొంతుకు మారే ఆ విద్యను కొనదు. దాన్ని సోఫా పక్కన పెట్టుకోలేం కదా.

యూట్యూబ్ సంగతీ అంతే. మా ఛానెల్‌లో ఒక హరికథ నుంచి తీసిన నలభై సెకన్ల పిట్టకథను వేలమంది చూస్తారు. రెండు గంటల పూర్తి కథ పెడితే చివరిదాకా ఉండేవాళ్లు చాలా తక్కువ. అల్గారిథమ్ నలభై సెకన్లకే డబ్బు ఇస్తుంది. కానీ ఆ పిట్టకథ చెప్పగలగడానికి ఆ మనిషి పదిహేనేళ్లు గజ్జె కట్టి, చిడతలు పట్టి, సంస్కృతం, సంగీతం, తాళం నేర్చుకున్నాడు. ఆ పదిహేనేళ్లకు డబ్బు ఇచ్చే బటన్ ఏ ప్లాట్‌ఫామ్‌లోనూ లేదు. రికార్డింగ్ ఉంది కదా అంటారు. ఇంజనీర్‌గా నాకు తెలిసిన పోలిక చెబుతాను. రికార్డింగ్ అనేది లాగ్ ఫైల్ లాంటిది, ఆ రోజు ఏం జరిగిందో చెబుతుంది. సోర్స్ కోడ్ ఆ మనిషి లోపల ఉంది. ఇంకో మనిషిలోకి ఎక్కిస్తేనే దానికి బ్యాకప్.

ఆసుపత్రి ముందా, హరికథ ముందా?

చివరికి వినతిపత్రం పట్టుకుని వెళ్లాం. ఎమ్మెల్యే గారు మర్యాదగానే కూర్చోబెట్టారు. చదివి, కళ్లజోడు తీసి, "బాబూ, మన ఆసుపత్రిలో స్కానింగ్ మెషీన్ లేదు. నేను అసెంబ్లీకి వెళ్లి హరికథకు డబ్బులు అడగనా?" అన్నారు.

నిజాయితీగా అడిగిన ప్రశ్న అది. నిజాయితీగానే జవాబు చెప్పాలి. "కళ కూడా ఒక వైద్యమే సార్" లాంటి మాటలు చెప్పి తప్పించుకోకూడదు. రక్తం కారుతున్న మనిషికి హరికథ పనికిరాదు. ఒకే ఒక్క రూపాయి ఉండి, ఆసుపత్రికా కళకా అంటే నేను ఆసుపత్రికే ఇస్తాను.

కానీ ఉన్నది ఒక్క రూపాయి కాదు. 2025-26 కేంద్ర బడ్జెట్ దాదాపు రూ. 50.65 లక్షల కోట్లు. అందులో సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు దాదాపు రూ. 3,360 కోట్లు. అంటే వంద రూపాయల్లో ఏడు పైసలు కూడా లేవు. అందులోనూ మూడో వంతుకు పైగా పురావస్తు శాఖకు, అంటే పాత కట్టడాల రక్షణకు పోతుంది. బతికున్న మనుషుల్లో ఉన్న కళకు మిగిలేది పైసల్లో ముక్కలు. ఆసుపత్రికి రావాల్సిన డబ్బును హరికథ తినేస్తోంది అనడానికి ఇక్కడ ఆస్కారం లేదు.

రెండో విషయం ఇంకా ముఖ్యం. స్కానింగ్ మెషీన్ ఈ ఏడాది రాకపోతే చాలా నష్టం, కానీ వచ్చే ఏడాది కొనొచ్చు. ఎనభై ఏళ్ల గురువు ఈ ఏడాది వెళ్లిపోతే వచ్చే ఏడాది కొనడానికి ఎక్కడా దొరకరు. ఆలస్యం చేసినా తిరిగి తెచ్చుకోగలిగినవి కొన్ని, తెచ్చుకోలేనివి కొన్ని. బడ్జెట్ వేసేటప్పుడు ఈ తేడా చూడాలి.

మేం అడిగింది కూడా చిన్నది. ప్రభుత్వ హైస్కూల్లో శని, ఆదివారాలు సాయంత్రం తరగతి. నేర్పే హరిదాసు గారికి నెలకు రూ. 15 వేలు. కేంద్ర ప్రభుత్వ గురుశిష్య పరంపర పథకంలో గురువుకు ఇచ్చే మొత్తాన్నే లెక్కలోకి తీసుకున్నాం. మృదంగం వాయించే ఆయనకు నెలకు రూ. 10 వేలు. పిల్లల బస్సు ఛార్జీలు, వాయిద్యాల మరమ్మతులకు ఏడాదికి రూ. 60 వేలు. మొత్తం ఏడాదికి రూ. 3.6 లక్షలు. మూడేళ్లు. పదిమంది పిల్లలు.

ఎవరి టాక్స్, ఎవరి దేవుడు?

ఇంకో ప్రశ్న ఉంది. దీన్ని ఎమ్మెల్యే అడగలేదు, నా ఆఫీసులో పక్క సీటులో కూర్చునే ముస్లిం స్నేహితుడు అడిగాడు. "మీ హరికథకు నా టాక్స్ ఎందుకు?"

ఇది దాటవేయకూడని ప్రశ్న. ఒక ప్రత్యేక మతాన్ని పెంచడం కోసం పన్ను వేయకూడదని మన రాజ్యాంగం 27వ అధికరణ చెబుతోంది. అదే రాజ్యాంగం 51ఏ అధికరణలో, మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం ప్రతి పౌరుడి బాధ్యత అని కూడా చెబుతోంది. కాబట్టి మనం ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు మన భక్తి కోసం అడగకూడదు. భక్తికి మన జేబు ఉంది, గుడి హుండీ ఉంది. మనం అడిగేది విద్య కోసం, కళ కోసం. ఆ తలుపు ఒగ్గుకథకు, చిందు భాగవతానికి, బుర్రకథకు, దఫ్ వాయించేవాళ్లకు, అందరికీ తెరిచే ఉండాలి. తరగతిలో ఏ పిల్లాడు కూర్చున్నా నేర్పాలి.

నిజానికి మన తెలుగు నేల మీద ఈ గీతలు ఎప్పుడూ అంత గట్టిగా లేవు. బుర్రకథకు పితామహుడని మనం చెప్పుకునే షేక్ నాజర్ గారు ఎవరు? ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం ఊదిన షేక్ చినమౌలానా గారు ఎవరు? కృష్ణుడి కథను భామాకలాపంగా ఆడే కూచిపూడి భాగవతుల ప్రదర్శన చూసి మెచ్చి, ఆ ఊరిని వాళ్లకు అగ్రహారంగా ఇచ్చింది గోల్కొండ నవాబు అబుల్ హసన్ తానీషా అని చెబుతారు. కళ దగ్గర ఎవరి గుప్పెడు బియ్యం ఎవరి జోలెలో పడిందో వేరుచేసి చూడటం చాలా కష్టం.

ఇవ్వడంలో మూడు రకాలు

సరే, అడగొచ్చు. ఏది అడగాలి? ఇక్కడే భగవద్గీత నాకు బాగా ఉపయోగపడింది. 17వ అధ్యాయంలో కృష్ణుడు దానాన్ని మూడు రకాలుగా చెబుతాడు. ఇవ్వడం నా కర్తవ్యం అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా, సరైన చోట, సరైన సమయంలో, తగినవారికి ఇచ్చేది సాత్త్వికం. తిరిగి ఏదో వస్తుందని ఇచ్చేది రాజసం. చోటు, సమయం, అర్హత చూడకుండా, గౌరవం లేకుండా పడేసేది తామసం.

దీన్ని పక్కన పెట్టుకుని మన సాంస్కృతిక కార్యక్రమాలను చూడండి. స్టేజీ మీద నాయకుల ఫోటోలతో ఇరవై అడుగుల ఫ్లెక్సీ, కింద మూలన కళాకారుడి పేరు. అది రాజసం. కళాకారుణ్ణి మూడు గంటలు కూర్చోబెట్టి, అతిథి ఆలస్యంగా వచ్చాక "పది నిమిషాల్లో ముగించండి" అని, శాలువా కప్పి పంపడం తామసం. తెలంగాణలో సాంస్కృతిక సారథి ద్వారా సుమారు 550 మంది కళాకారులకు ఉద్యోగాలు దొరికాయి. పాట పాడేవాడికి నెల జీతం రావడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేయను. కానీ వాళ్ల పనిలో పెద్ద భాగం ప్రభుత్వ పథకాలను పాటల్లో ప్రచారం చేయడం. ఏ పార్టీ ప్రభుత్వం అయినా సరే, ఇచ్చే చేతిని పొగడాల్సి వస్తే పోతన గారి భయం నిజమైనట్టే.

మా హరిదాసు గారిని "మీకేం కావాలి తాతగారూ, వినతిపత్రంలో ఏం రాయమంటారు?" అని అడిగాను. ఆయన నవ్వి, "నాకు శాలువాలు ఇరవై ఏడున్నాయి బాబూ. మా మృదంగం అబ్బాయి పెళ్లిళ్లకు క్యాటరింగ్ పనికి పోతున్నాడు. వాణ్ణి నాకు వారానికి రెండు రోజులు ఇప్పించండి చాలు" అన్నారు.

ఆయన అడిగింది ఒక విద్య నిలబడటానికి కావాల్సిన చోటు, తోడు, సమయం. లవకుశులకు వాల్మీకి ఆశ్రమం ఇచ్చింది అదే.

ఆశ్రమం లాంటివి మన చరిత్రలో ఉన్నాయి. 1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణ దాసు గారు మొదటి ప్రిన్సిపల్. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులు. తండ్రిని పోగొట్టుకున్న ఒక కుర్రాడు సంగీతం కోసం ఆ ఊరు వచ్చి, జోలె పట్టి మధుకరం చేసుకుంటూ, ఇంటింటా అన్నం అడిగి తింటూ నేర్చుకున్నాడు. ఆయనే ఘంటసాల. మన ఇళ్లలో మోగే భగవద్గీత ఆ గొంతుదే. పి. సుశీల గారు చదివింది కూడా ఆ కళాశాలలోనే. ఇప్పుడు దాన్ని రాష్ట్ర ప్రభుత్వం నడుపుతోంది. 1919లో ఆ కాలేజీకి పెట్టిన ఖర్చును "రిటర్న్ ఎంత?" అని 1920లో అడిగి ఉంటే ఎవరూ జవాబు చెప్పలేకపోయేవారు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఎంపీలకు నియోజకవర్గ అభివృద్ధి నిధి కింద ఏడాదికి రూ. 5 కోట్లు ఉంటాయి. కానీ ఆ నిధి శాశ్వతంగా ఉండే నిర్మాణాల కోసం. హాలు కట్టొచ్చు, గురువుకు జీతం ఇవ్వడానికి కుదరదు. అందుకే చాలా ఊళ్లలో కళాక్షేత్రం బిల్డింగ్ ఉంటుంది, లోపల కళ ఉండదు. సర్వర్లు కొని, వాటిని నడిపే ఇంజనీర్లను పెట్టుకోనట్టు. అందుకే మనం శాసనసభ్యులను అడగాల్సింది బిల్డింగ్ కాదు, బడ్జెట్ పద్దులో ప్రతి ఏటా వచ్చే ఒక చిన్న గీత.

గోడ మీద లెక్క

పైన ఒక మాట బాకీ ఉన్నాను. టాక్స్ డబ్బు బలవంతంగా వసూలైనది కాబట్టి అడిగేవాడి బాధ్యత ఎక్కువ అన్నాను కదా.

భక్త రామదాసు కథ మనందరికీ తెలుసు. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారుగా ఉండి, వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించారని, తానీషా ఆయన్ని గోల్కొండలో బంధించారని, రామలక్ష్మణులే వచ్చి ఆ బాకీ తీర్చారని మన సంప్రదాయం చెబుతుంది. మనం ఈ కథలో భక్తినే చూస్తాం, అది సరే. కానీ ఇందులో ఇంకో ధర్మం కూడా ఉంది. రాముడు వచ్చి "నా గుడికే కదా, వదిలేయండి" అనలేదు. ఖజానాకు చెందాల్సిన మొత్తం పైసాతో సహా కట్టి, రసీదు తీసుకున్నాడు. దేవుడి పని అయినా సరే, ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలని ఆయనే చూపించినట్టు నాకు అనిపిస్తుంది.

తంజావూరు బృహదీశ్వరాలయంలో రాజరాజ చోళుడి శాసనాలు గోడల మీదే ఉన్నాయి. నాలుగు వందల మంది నర్తకీమణులకు ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఏడాదికి వంద కలముల వడ్లు వచ్చే వాటా. ఎవరైనా చనిపోతే ఆ వాటా ఎవరికి చెందాలి, వాళ్లకు విద్య రాకపోతే అర్హత ఉన్నవాళ్లను ఎలా పెట్టాలి, అదీ రాసి ఉంది. ఆ వ్యవస్థ తర్వాతి కాలంలో ఆడవాళ్ల పట్ల ఎంత అన్యాయంగా మారిందో తెలుసు. దాన్ని తిరిగి తెమ్మని ఎవరూ అనరు. నేను చూసేది ఒక్కటే. ఎవరికి ఎంత ఇస్తున్నారో దారిన పోయేవాడు కూడా చదువుకునేలా వెయ్యేళ్ల క్రితమే రాతి మీద చెక్కారు.

అందుకే మా వినతిపత్రంలో చివర రెండు వాక్యాలు చేర్చాం. ఖర్చు లెక్క ప్రతి మూడు నెలలకూ స్కూల్ నోటీస్ బోర్డు మీద పెడతాం. మూడేళ్ల తర్వాత పదిమందిలో కనీసం నలుగురు ఒక గంట కథ సొంతంగా చెప్పలేకపోతే పథకం ఆపేయండి. అది చదివాకే ఎమ్మెల్యే గారు మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు. సాంస్కృతిక శాఖకు ఉత్తరం రాశారు. ఫైలు "పరిశీలనలో ఉంది". వస్తుందో రాదో నాకు తెలియదు. ఈలోగా మేం నలుగురం తలా కొంత వేసుకుని మృదంగం ఆయన రెండు రోజుల ఖర్చు చూస్తున్నాం. కానీ మా నలుగురి ఉద్యోగాలు ఎన్నాళ్లుంటాయో, ఎవరు ఏ దేశం వెళ్తారో చెప్పలేం. విద్య మా నలుగురి దయ మీద ఆధారపడకూడదు. అందుకే ఫైలు వెంట తిరగడం ఆపలేదు.

మీరు చేయగలిగింది

మీ ఊళ్లో ఒక కళాకారుణ్ణి కలవండి. సన్మానం గురించి కాకుండా, "మీ విద్య ఇంకొకరికి రావాలంటే ఏం కావాలి?" అని అడగండి. ఆయన చెప్పింది ఒక పేజీలో రాయండి. ఎంత, ఎన్నాళ్లు, ఎవరికి, లెక్క ఎలా చూపిస్తారు. రాష్ట్ర బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తుంది. శాఖలు ప్రతిపాదనలు అంతకు కొన్ని నెలల ముందే తయారు చేసుకుంటాయి కాబట్టి దసరా దాటగానే వెళ్లండి. మీ ఎమ్మెల్యేని పద్దుల మీద చర్చలో ఒక్క మాట మాట్లాడమనండి. ఒక ప్రశ్న వేయమనండి. ఇస్తే ఫ్లెక్సీ కట్టకండి, థాంక్స్ చెప్పి లెక్క చూపించండి. ఇవ్వకపోతే వచ్చే ఏడాది మళ్లీ వెళ్లండి.

పెన్ను కింద పెట్టిన మా స్నేహితుడు ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోలేదు. "అడుగు గానీ, తలదించి అడగకు" అంటాడు. ఆ మాటతో నాకు ఏ పేచీ లేదు. విశ్వామిత్రుడు కూడా తలదించి అడగలేదు.

గీత 3వ అధ్యాయంలో కృష్ణుడు ఇంకో మాట చెబుతాడు. అందినదాన్ని అనుభవించి, తిరిగి ఏమీ ఇవ్వనివాడు దొంగ అని. రామాయణం మనకు ఉచితంగా అందింది. ఎవరో గుప్పెడు గుప్పెడు బియ్యం వేస్తే, ఎవరో గొంతు అరిగేలా పాడితే అందింది. మన తర్వాతి పిల్లలకు అది అందే దారి తెరిచి ఉంచడం కోసం ఒక ఆఫీసు బయట బెంచీ మీద గంటసేపు కూర్చోవడం మనకు బరువు కాకూడదు.

వచ్చే వారం వీడియోలో విశ్వామిత్రుడి యాగ రక్షణ ఘట్టం పూర్తిగా చూద్దాం. అంతవరకూ సెలవు.

శ్రీరామ రక్ష.